ఎడమ కనుబొమ్మ మీద మూడు కుట్లు

జనవరి 12

ఇది ఆర్డర్ల పుస్తకం. పేరు, సైజు, ఎన్ని కాపీలు, ఇచ్చే తేదీ అని గళ్ళు గీసి ఉంటాయి. ఆర్డర్లన్నీ కంప్యూటర్లోకి పోయాక నా ఫొటో స్టూడియోలో ఊరికే పడి ఉంది. గిరాకీ లేని వేళ ఇందులో రాసుకుందామని తీశాను. ఇది ఎవరూ చదవరు. మరదలు అసలే చదవకూడదు.

మరదలంటే నా భార్యే. మేనమామ కూతురు. పెళ్ళయి పదమూడేళ్ళయినా "నా భార్య" అనాలంటే ఎవరి గురించో చెప్తున్నట్టు ఉంటుంది. ఆవిడా అంతే, నలుగురిలో కూడా "బావా" అనే పిలుస్తుంది. చెవుల ఆసుపత్రిలో పనిచేస్తుంది. పిల్లలకి ఎంత వినిపిస్తోందో పరీక్ష చేయడం ఆవిడ పని. పదిహేనేళ్ళుగా అదే గది, అదే కుర్చీ.

ఈ పొద్దున టీ తాగుతూ అంది: "బావా, నేను విదేశంలో చదువుకోవాలనుకుంటున్నా. చిన్నపిల్లలకి వినికిడి మిషన్లు అమర్చే చదువు. రెండేళ్ళు."

"వెళ్ళు!" అన్నాను. "దానికి అడగాలా?"

"అంతేనా?"

"అంతే. ఇంకేం కావాలి? ఇల్లు నేను చూసుకుంటా."

కప్పు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఒప్పుకోకపోతే ఒక గొడవ, ఒప్పుకుంటే ఇంకో గొడవ. మొగుడన్నవాడు ఏం చేసి చావాలో నాకు అర్థం కాదు.

జనవరి 21

మూడు యూనివర్సిటీలు వడపోసింది. ఒకటి మరీ చలి. ఒకదానిలో పిల్లల మీద పని తక్కువ, పుస్తకాలు ఎక్కువ. మూడోది ఖాయం. ఫీజు వాళ్ళే భరించే సీటు ఒకటే ఒకటి ఉందట. ఆ ఒక్కటీ తనకే కావాలట. తగ్గేదేముంది, నా మరదలు!

ఈ విషయం దుకాణానికి వచ్చినవాళ్ళందరికీ చెప్తున్నాను. పక్క మందుల షాపు ఆయన "ముప్పై ఏడేళ్ళకి చదువేంటండీ" అన్నాడు. ఆయన తల మీద వెంట్రుకలు ఎన్నేళ్ళకి రాలాయో అడగబోయి ఊరుకున్నాను.

ఫిబ్రవరి 3

ఇంగ్లీషు పరీక్షకి మాట్లాడే సాధన. పరీక్షాధికారిని నేనే. కోటు వేసుకుని స్టూడియో స్టూలు మీద కూర్చున్నాను. కోటు కస్టమర్ల కోసం ఉంచింది, ముందు భాగమే బాగుంటుంది, వెనక పిన్నీసులు.

"మీకు నచ్చిన వ్యక్తి గురించి రెండు నిమిషాలు మాట్లాడండి" అని కాగితంలో ఉన్నది చదివాను. మా అమ్మ గురించి మాట్లాడింది. నా గురించి అనుకుని సర్దుకుని కూర్చున్నవాణ్ణి చల్లబడిపోయాను. అమ్మ ఆవిడకి మేనత్త మరి, నాకన్నా ముందు చుట్టం. మా తొమ్మిదేళ్ళ బుడంకాయ మధ్యలో దూరి "నాన్న గురించి అయితే రెండు నిమిషాలు చాలవులే" అంది. పొగడ్తో తిట్టో తేల్చలేదు.

ఫిబ్రవరి 4

పిన్నీసు గుచ్చుకుంది.

ఫిబ్రవరి 19

దరఖాస్తుతో పాటు ఒక వ్యాసం పెట్టాలి. ఈ చదువు మీకు ఎందుకు కావాలి అని. మరదలు పది రోజులుగా రాస్తోంది, కొట్టేస్తోంది. "ఉన్నత విద్య ద్వారా సమాజానికి సేవ" అని మొదలుపెట్టింది. టైపు చేసేది నేనే కాబట్టి నాకు నచ్చలేదని చెప్పేశాను.

"మరి నువ్వు చెప్పు, ఎందుకు?" అంది.

"నాకేం తెలుసు? వెళ్ళేది నువ్వు."

అప్పుడు చెప్పింది. ఒక మూడేళ్ళ పాప ఉందట. పరీక్షలో బీప్ వినిపించినప్పుడల్లా చెక్కముక్కని బకెట్లో వేయాలి. ఈ పాప ఏదీ వినిపించకపోయినా మరదలి మొహం చూసి, ఇప్పుడు వేయాలి కాబోలు అని కనిపెట్టి వేసేదట. అన్నీ సరిగ్గా వేసేసింది. మరదలు బాగా వినిపిస్తోందని రాసి పంపించేసింది. ఏడాది తర్వాత తెలిసిందట, ఆ పాపకి అసలేం వినపడదని. "నా మొహం చూసి వింది బావా. ఒక ఏడాది పోగొట్టాను. నాకు ఇంకా సరిగ్గా నేర్చుకోవాలని ఉంది" అంది.

పదిహేనేళ్ళలో ఈ సంగతి నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. అదే టైపు చేశాను, ఒక్క మాట మార్చకుండా. టైపు చేస్తుంటే కళ్ళు మసకబారాయి, స్క్రీను వెలుతురు ఎక్కువైందేమో.

మార్చి 2

మరదలి ఆసుపత్రి డాక్టరుగారు సిఫారసు ఉత్తరం ఇచ్చారు. ఆయన చేతిరాత ఆయనకే అర్థం కాలేదు. ముగ్గురం కూర్చుని ఊహించి టైపు చేశాం.

ఏప్రిల్ 17

సీటు వచ్చింది! ఫీజు లేని ఆ ఒక్క సీటూ!

ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది. నేను షాపులో ఉన్న పెద్దాయన్ని కెమెరా ముందు అలాగే వదిలేసి రోడ్డు మీదకి పరుగెత్తాను, ఎందుకో నాకే తెలియదు. రోడ్డు మీద ఏం చేయాలో తోచక మళ్ళీ లోపలికి వచ్చాను. పెద్దాయన ఇంకా గడ్డం పైకెత్తి అలాగే కూర్చున్నాడు పాపం.

ఈ సీటు ఈ ఏడాదికేనట. సెప్టెంబరు మొదటి తేదీకి క్లాసులో ఉండాలి. లేకపోతే తర్వాతి పేరుకి ఇచ్చేస్తారు.

చాలా ఆనందంగా ఉంది. చాలా చాలా ఆనందంగా ఉంది.

ఏప్రిల్ 23

చార్టు గీశాను. మరదలు లేని రెండేళ్ళూ ఇల్లు ఎలా నడుస్తుందో. ఎవరు ఎన్నింటికి లేవాలి, బుడంకాయ జడ ఎవరు వేయాలి, అమ్మ బీపీ మాత్రలు ఎవరు ఇవ్వాలి. పన్నెండు బై పద్దెనిమిది సైజులో కలర్ ప్రింటు తీసి, లామినేషన్ చేయించి వంటింటి గోడకి అంటించాను. జడ వేయడం కూడా నేర్చుకుంటున్నాను. మూడు పాయల్లో ఒకటి ఎప్పుడూ తప్పించుకుంటోంది.

"చూశావా, నువ్వు లేకపోయినా ఇక్కడ ఒక్క పని ఆగదు. నిశ్చింతగా వెళ్ళు" అన్నాను.

చార్టు మొత్తం చదివింది. "బాగుంది" అంది. ఆ తర్వాత తలనొప్పని పడుకుంది. అమ్మ నన్ను చూసి "నీకు బొత్తిగా తెలివి లేదురా" అంది. లామినేషన్ ఎంత బాగా వచ్చిందో ఇంట్లో ఒక్కరూ అనలేదు.

మే 6

వీసాకి ఫొటో. స్టూడియో మూసి, బోర్డు తిప్పి, మంచి లైటు పెట్టి తీశాను.

ఒకటి రాసుకోవాలి. మరదలి ఎడమ కనుబొమ్మ మీద అడ్డంగా ఒక గీత ఉంటుంది. మూడు కుట్ల గుర్తు. తనకి ఏడేళ్ళు, నాకు పది. దాగుడుమూతల్లో ఇనప బీరువాలో దాక్కుంది, నేను చూడకుండా తలుపు విసురుగా వేశాను. తలుపు అంచు తగిలింది. మావయ్య అడిగితే "అదే వచ్చి గుద్దుకుంది" అని చెప్పాను. అది కూడా ఏడుస్తూ "అవును, నేనే" అంది. ఈ రోజు వరకూ ఇద్దరం ఆ మాట మీదే ఉన్నాం.

నేను కెమెరా పట్టాక తీసిన ఏ ఫొటోలోనూ ఆ గీత లేదు. పెళ్ళి ఆల్బంలో లేదు, బుడంకాయని ఎత్తుకున్న ఫొటోలో లేదు. మాటామాటా వచ్చినప్పుడు మరదలు అంటుంది: "నీ ఫొటోల్లో ఉండేది నేను కాదు బావా, మా చెల్లెలు. పిల్ల బాగుంది."

ఇవాళ కూర్చోగానే అంది: "ఇది వీసాకి. ముట్టుకోకు."

"నాకు చెప్తావా?" అన్నాను. గోడ మీద నా చేత్తో రాసి అంటించిన బోర్డే ఉంది: వీసా ఫొటోలకు టచింగ్ చేయబడదు. ఎంతమంది వచ్చి మచ్చ తీయమని, గుంట పూడ్చమని బతిమాలితే ఆ బోర్డు చూపించి పంపలేదు?

దరఖాస్తు మొత్తం స్టూడియో కంప్యూటర్ నుంచే పంపాం. చిరునామా కింద స్టూడియో మెయిల్ ఇచ్చింది. "నువ్వయితే రోజంతా చూస్తుంటావుగా" అంది.

మే 21

మెయిల్ వచ్చింది. వీసా ఆఫీసు నుంచి.

పాస్‌పోర్టులో కనిపిస్తున్న ముఖం మీది గుర్తు పంపిన ఫొటోలో లేదట. పాస్‌పోర్టు ఫొటో ఆ ఆఫీసువాళ్ళే తీశారు, నేను కాదు. ఫొటో మార్చినట్టు ఉందట. మే 31 లోపల కొత్త ఫొటో, ఈ తేడా ఎలా వచ్చిందో చెప్తూ ఒక ఉత్తరం పంపాలి. పంపకపోతే దరఖాస్తు మూసేస్తారు.

ఫోల్డరు తెరిచి చూశాను. నేను ప్రతి ఫొటోకీ రెండు కాపీలు చేస్తాను, ఒకటి తీసినది, ఒకటి టచింగ్ చేసినది. రెండూ పక్కపక్కన ఉన్నాయి. రెండోది పంపాను. టచింగ్ ఎప్పుడు చేశానో కూడా గుర్తు లేదు. పదిహేడేళ్ళ చేతి అలవాటు. చెయ్యి నేరుగా ఎడమ కనుబొమ్మ దగ్గరికే వెళ్తుంది.

సాయంత్రం చెప్పాలి.

మే 22

చెప్పలేదు. తలనొప్పిగా ఉందంది. తలనొప్పి మీద ఇంకో తలనొప్పి ఎందుకు.

మే 23

బుడంకాయకి ఒళ్ళు వెచ్చగా ఉంది. తొంభై తొమ్మిది. దాన్ని జ్వరం అనరు, అయినా ఇంట్లో హడావిడి. రేపు చెప్తాను.

మే 24

ప్రింటరులో ఇంకు అయిపోతే తెచ్చి నింపాను. పాస్‌పోర్టు సైజు నాలుగు, గ్రూప్ ఫొటో ఒకటి. వేరే విశేషాలు లేవు.

మే 25

వేరే విశేషాలు లేవు.

మే 26

ఈ సాయంత్రం ఇంటికెళ్ళేసరికి మరదలు హాల్లో నేల మీద కూర్చుని పెట్టె సర్దుతోంది. ఇంకా మూడు నెలలుంది! ఊరికే సరిపోతుందో లేదో చూస్తోందట. స్వెట్టరు మడతపెట్టి, తీసి, మళ్ళీ మడతపెడుతోంది. బుడంకాయ పెట్టెలో కూర్చుని "నన్ను కూడా పెట్టేయ్" అంటోంది. అమ్మ మంచం మీంచి "ఆ స్వెట్టరు పైన పెట్టుకోవే, దిగగానే చలి" అంటోంది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. ముగ్గురూ ఎంత బాగున్నారు! ఒక ఫొటో తీయాలనిపించింది. ఈ సీను ఇలాగే ఉండిపోతే ఎవరికి నష్టం అనిపించింది.

ఇప్పుడు స్టూడియోకి మళ్ళీ వచ్చి కూర్చున్నాను, తాళం సరిగ్గా వేశానో లేదో చూసొస్తానని ఇంట్లో అబద్ధం చెప్పి. షట్టరు సగం దించి రాస్తున్నాను.

ఈ పుస్తకంలో కూడా అబద్ధాలే రాస్తే ఇక ఎక్కడ రాయను? ఫొటో సంగతి చేతి అలవాటు అనుకుందాం. మెయిల్ దాచడం ఏ చేతి అలవాటు? ఆరు రోజులు. ఇంకో అయిదు రోజులు నోరు మూసుకుంటే చాలు, సీటు పోతుంది, నేనేం చేయనక్కర్లేదు. వాళ్ళే మూసేస్తారు. నేను "అయ్యో" అనొచ్చు. "వచ్చే ఏడాది చూద్దాంలే" అని వీపు నిమరొచ్చు.

ఛీ! పదేళ్ళ వయసులోనే నయం. అప్పుడు చూడకుండా వేశాను తలుపు.

మే 27

మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్ళి చెప్పేశాను. ఇంట్లో అయితే మళ్ళీ ఏదో వంక దొరుకుతుందని.

పరీక్ష గదిలో ఉంది. దాని గోడలకి మెత్తటి దిండ్ల లాంటివి బిగించి ఉంటాయి. తలుపు వేస్తే బయటి చప్పుడు ఒక్కటి రాదు, మన ఊపిరి మనకే వినిపిస్తుంది. పెద్దవాళ్ళ కుర్చీ లేదు. పిల్లల కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని, మెయిల్ ప్రింటు చేతికిచ్చాను.

చదివింది. మళ్ళీ చదివింది.

"ఇది ఎప్పుడు వచ్చింది?"

"ఇరవై ఒకటి."

"ఇవాళ?"

గోడకున్న దిండ్ల వైపు చూశాను.

"ఇవాళ ఎంత తారీఖు బావా?"

"ఇరవై ఏడు."

"ఎందుకు చెప్పలేదు?"

"మర్చిపోయా."

ఎంత నీచమైన మాట! చెప్పడానికే వెళ్ళినవాణ్ణి, అసలు చోటికి వచ్చేసరికి మళ్ళీ డొంకతిరుగుడు. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. తలుపు తెరిచి పట్టుకుని నిలబడింది.

"బయట పేషెంటు ఉన్నారు. మీరు వెళ్ళండి" అంది.

మీరు. మీరు వెళ్ళండి. ముప్పై ఏడేళ్ళలో మొదటిసారి మా మరదలు నన్ను "మీరు" అంది.

మే 28

"బుడంకాయా, మీ నాన్నగారికి నీళ్ళు కావాలేమో కనుక్కో."

"అత్తా, వారు తింటారేమో అడుగు."

వారు! నాన్నగారు! ఇంత మర్యాద నా జన్మలో ఎరగను. ఒళ్ళంతా మంట పుట్టింది. దీనికన్నా చెంప మీద ఒకటి ఇచ్చినా హాయిగా ఉండేది.

అమ్మకి సంగతి తెలిసిపోయింది. నన్ను పెరటి గుమ్మంలోకి పిలిచి "నా మేనకోడలి నోటి దగ్గర ముద్ద లాగేస్తావుట్రా?" అంది. "కన్నతల్లినై చెప్తున్నా, అది వెళ్ళకపోతే నేను వెళ్ళిపోతా" అంది. ఎక్కడికని అడగలేదు.

అంతా వెళ్ళిపోయేవాళ్ళే.

మే 29

ఉదయం తయారై స్టూడియోకి వచ్చి, కెమెరా ముందు కూర్చుంది. "తీయండి" అంది. ఆసుపత్రికి అరపూట సెలవు పెట్టిందట. ఇంకా రెండు రోజులే గడువు.

తీశాను. కంప్యూటర్లో తెరిచాను. అటు తల తిప్పి, తన పాస్‌పోర్టు ఏ సొరుగులో పెట్టానో చెప్తున్నాను. మాట్లాడుతూ స్క్రీను వైపు చూస్తే, ఒట్టు, బాణం గుర్తు ఎడమ కనుబొమ్మ మీద ఉంది. పెద్దది చేసేసి ఉంది. టచింగ్ బ్రష్షు పట్టుకుని ఉంది నా చెయ్యి.

మౌసు వదిలేసి రెండు చేతులూ వెనక్కి తీసుకున్నాను. తనూ చూసింది.

"పద" అన్నాను. "జిగేల్ దగ్గర తీయిద్దాం."

జిగేల్ అంటే రోడ్డుకి అవతల ఉన్న స్టూడియోవాడు. బోర్డు చుట్టూ రంగు బల్బులు పెట్టి పగలు కూడా వెలిగిస్తాడు కాబట్టి వీధంతా ఆ పేరే పెట్టింది. తొమ్మిదేళ్ళుగా వాడికీ నాకూ మాటల్లేవు. వాడి ఫొటోల్లో మనుషులు సున్నం కొట్టినట్టు ఉంటారని నేను అందరికీ చెప్తాను. నా ఫొటోల్లో అందరూ శోకసభకి వచ్చినట్టు ఉంటారని వాడు చెప్తాడట.

స్టూడియోవాడు పెళ్ళాన్ని వెంటబెట్టుకుని ఎదుటి స్టూడియోకి ఫొటోకి వెళ్ళడం! మందుల షాపు ఆయన కౌంటరు దాటి బయటికొచ్చి చూశాడు. టైలరు మిషను ఆపేశాడు. ఆ రోడ్డు ఎంత వెడల్పు, మహా అయితే ఇరవై అడుగులు. దాటేసరికి చొక్కా తడిసిపోయింది.

జిగేల్ టీ తాగుతున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, కప్పు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకున్నాడు. "అన్నా, ఏమన్నా గొడవా?" అన్నాడు.

"గొడవేం లేదు. మీ వదినకి వీసా ఫొటో కావాలి."

వాడు నన్ను చూశాడు, మా స్టూడియో వైపు చూశాడు, "కరెంటు లేదా అన్నా?" అన్నాడు.

"ఉంది. నువ్వు తీయి."

తీశాడు. బాగానే తీశాడు, కాదనకూడదు. కంప్యూటర్లో పెట్టి, పెద్దది చేసి, చాలా గౌరవంగా అన్నాడు: "అన్నా, వదిన కనుబొమ్మ దగ్గర చిన్న గీత ఉంది. ఒక్క నిమిషంలో ఎత్తేస్తా. తెలియను కూడా తెలియదు."

"ముట్టుకోకు!" అని అరిచాను. వాడు అదిరిపడ్డాడు. "అది నేను చేసిన గాయం. చిన్నప్పుడు బీరువా తలుపు దాని మొహాన వేశాను. అది వచ్చి గుద్దుకుందని అందరికీ చెప్పాను. అది గుద్దుకోలేదు, నేనే వేశాను. అలాగే ఉండనీ."

జిగేల్ మౌసు వదిలేశాడు. "సరే అన్నా, మాట్ పేపరా గ్లాసీనా?" అన్నాడు.

మరదలు నన్నే చూస్తోంది. ఇరవై అడుగుల రోడ్డు మళ్ళీ దాటుతున్నప్పుడు అంది: "ముప్పై ఏళ్ళు పట్టిందన్నమాట."

"ఊఁ."

"ఆ ఉత్తరం కూడా నువ్వే రాయి బావా. ఇంగ్లీషు నేను దిద్దుతా."

బావా! నువ్వే! మందుల షాపు ఆయనకి నవ్వుతూ చెయ్యి ఊపాను. పిచ్చెక్కిందనుకుని ఉంటాడు.

ఉత్తరం ఇలా రాశాను: "అయ్యా, నేను ఫొటోగ్రాఫరును. ఈమె నా భార్య. ఈమె ముఖం మీది గుర్తును నేను ప్రతిసారీ తీసేస్తాను. ఈసారీ తీసేశాను. ఇందులో ఈమె తప్పు ఏమీ లేదు. జతచేసిన ఫొటో వేరే ఫొటోగ్రాఫరు తీసినది. ఈమె ముఖం ఇదే." మరదలు రెండు చోట్ల దిద్దింది. మధ్యాహ్నం మూడింటికి పంపేశాం.

జూన్ 3

మెయిల్ అందిందని జవాబు. పరిశీలనలో ఉందట.

జూన్ 9

పరిశీలన.

జూన్ 16

పరిశీలనే. గంటకోసారి మెయిల్ చూస్తున్నాను. వచ్చిన నిమిషంలో చెప్పాలని ఫోన్ చేతిలోనే పట్టుకుని తిరుగుతున్నాను. రాకపోతే అది నా వల్లే. ఆవిడ ఒక్క మాట అనడం లేదు, అదే ఎక్కువ బాధగా ఉంది. బుడంకాయకి జడ వేస్తే మూడు పాయలూ నిలిచాయి. మరదలికి చూపిస్తే "బాగా వేశావ్" అని లోపలికి వెళ్ళిపోయింది. నేను ఆ చార్టు పీకి బీరువా వెనక పడేద్దామనుకున్నాను, గోడకి సున్నం ఊడి వచ్చేలా ఉందని ఊరుకున్నాను.

జూన్ 24

పదకొండుంబావుకి మెయిల్ వచ్చింది. పదకొండూ పదహారుకి ఫోన్ చేశాను.

"వచ్చేసింది! వీసా ఇచ్చేశారు!"

"వస్తున్నా" అని పెట్టేసింది. ఇరవై నిమిషాల్లో ఆటో దిగింది, ఆసుపత్రి కోటుతోనే. స్క్రీను మీద రెండుసార్లు చదివింది. షట్టరు సగం దించింది. పెద్దాయన కూర్చున్న ఆ స్టూలు మీదే కూర్చుంది.

"ఇప్పుడు చెప్పు" అంది. "ఆ ఆరు రోజులూ ఎందుకు దాచావ్? మర్చిపోయా అన్నావంటే మళ్ళీ మీరు అంటా."

నేను కెమెరా స్టాండు సర్దాను. లైటు వైరు చుట్టాను.

"బావా."

"నువ్వు వెళ్ళొద్దు" అన్నాను.

ఎలా వచ్చిందో నోట్లోంచి వచ్చేసింది. ఒకటి వచ్చాక మిగతావి ఆగలేదు. "నువ్వు వెళ్ళొద్దు. జనవరి నుంచీ నాకు చేతులు ఆడట్లేదు. జడలు, చార్టులు అన్నీ ఉత్త డాబు. నువ్వు ఇంట్లో లేకపోతే నాకు ఎవరితో పోట్లాడాలో కూడా తెలీదు. నీకు నాకన్నా పెద్ద చదువొచ్చి, పెద్ద మనుషులతో తిరిగి, నా కోటు వెనక పిన్నీసులు చూసి నవ్వుతావని భయం. సీటు పోతే బాగుండునని ఆరు రోజులు దేవుడికి దణ్ణం పెట్టుకున్నా. అంత నీచుణ్ణి. నాకు నువ్వు కావాలి. రెండేళ్ళు చాలా ఎక్కువ."

నలభై ఏళ్ళవాణ్ణి, వెక్కి వెక్కి ఏడ్చాను. సిగ్గు లేకుండా.

మరదలు లేచి వచ్చింది. పైట చెంగుతో నా మొహం తుడిచింది. తను కూడా ఏడుస్తోంది, నవ్వుతోంది కూడా.

"ఈ ముక్క కోసం జనవరి నుంచి చూస్తున్నా బావా. ఏడుపైనా, తిట్టైనా, ఏదో ఒకటి. వెళ్తానంటే టీ తాగుతూ వెళ్ళు అన్నావ్. నేను లేకపోయినా ఒక్క పని ఆగదని గోడకి అంటించావ్. నేను లేకపోతే బాగోదని ఇంట్లో ఒక్కరికైనా లేకపోతే, ఇక నేను ఎక్కడి నుంచి వెళ్తున్నట్టు? ఎక్కడికి తిరిగి వస్తున్నట్టు?"

"అయితే వెళ్ళవా?" అన్నాను, ఆశగా. నిజంగా ఆశగానే అన్నాను, దాచుకోవడం ఎందుకు.

"పిచ్చా నీకు? ఇప్పుడు ధైర్యంగా వెళ్తా. టికెట్టు బుక్ చేయి."

కళ్ళు తుడుచుకుని కంప్యూటరు ముందు కూర్చున్నాను. తను కుర్చీ వెనక నిలబడి నా భుజాల మీద చేతులు వేసి చూస్తోంది. ఆగస్టు ఇరవై ఆరు, ఉదయం పది ఇరవై. కిటికీ పక్క సీటు. నొక్కే ముందు ఇంకోసారి "వెళ్ళొద్దే" అన్నాను. "ఊఁ, నొక్కు" అంది.

నొక్కాను.